యంత్రములకు మూడేండ్లే యాయువా?

2013వ సంవత్సరపు కంపెనీల చట్టమునకు అనుబంధముగా నున్న రెండవ షెడ్యూలును చదివినవారికి ఒక వింత కనబడును. కంపెనీల యాస్తులలో ఏ వస్తువు ఎన్ని యేండ్లు పనికివచ్చునో అందు లెక్కకట్టి చూపిరి. సర్వరులకు ఆరేండ్లు, బల్లమీది కంప్యూటరులకును లాప్‌టాపులకును మూడేండ్లు. ఆదాయపు పన్నువారి గణితమును ఇట్టిదే. కంప్యూటరు విలువలో ఏటేట, మిగిలినదానిలో నూటికి 40 వంతులు, తరుగు క్రింద త్రోసివేయుదురు. లక్ష రూపాయలకు కొన్న యంత్రము మూడేండ్లు గడచుసరికి పద్దులో 21,600 రూపాయలకు దిగును. యంత్రము అరిగినను అరుగకున్నను పద్దులో మాత్రము అరిగి తీరవలసినదే.

ఇట్లు పద్దులలో చచ్చిన యంత్రములకు పునర్జన్మ మన ప్రాంతమున కలుగుచున్నది. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని పెద్ద సంస్థలు గడువు తీరిన లాప్‌టాపులను గుత్తగా వర్తకులకు అమ్మివేయును. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల వానిని తుడిచి, చెడిన భాగములు మార్చి, తిరిగి అమ్మకమునకు పెట్టుదురు. అచ్చటనుండి అవి విశాఖ ఎక్స్‌ప్రెస్సులోనో, ఫలక్‌నుమాలోనో, సంక్రాంతికి ఇంటికి వచ్చు అన్నగారి సంచిలో కూర్చుండి, విజయనగరము స్టేషనులోను ఆమదాలవలసలోను దిగుచున్నవి. మన జిల్లాలవారు కూలికి, కొలువునకు వలసపోయిన దారినే, పట్టణము వలదన్న యంత్రములు మనకు వచ్చుచున్నవి.

దీనిని చూచి కొందరు నొచ్చుకొనుచున్నారు. పట్టణమువారి యెంగిలి మన పిల్లలకు పెట్టవలెనా యని వారి ప్రశ్న. ఆ యభిమానము మాకు తెలియనిది కాదు. కాని యెంగిలి యేది, మిగిలిన మంచి ధాన్యమేది యని వేరుచేసి చూడకయే కోపగించుకొనుట వివేకము కాదు. ఈ పాత సరకులో వర్క్‌స్టేషను అను పేరుగల యొక జాతి లాప్‌టాపులు కలవు. కొత్తగా అంగడిలో దొరకు పలుచని లాప్‌టాపులలో చాలవానికంటె ఇవియే మన విద్యార్థికి నమ్మకమైన చుట్టములని మా యభిప్రాయము. ఏల యట్లనుచున్నామో చెప్పెదము. అవి యెక్కడ మోసము చేయునో కూడ దాచము.

కట్టడముల నమూనాలు, వంతెనల లెక్కలు, యంత్రభాగముల పటములు తయారుచేయు ఇంజనీరుల కొఱకు చేసిన లాప్‌టాపులు వర్క్‌స్టేషనులు. గంటల తరబడి పూర్తి బరువుతో పనిచేసినను కాగి పడిపోకుండునట్లు వీనికి పెద్ద ఫ్యానులు, రాగిగొట్టములు, దిట్టమైన చట్రము అమర్చుదురు. మన చింతలవలసలోను, రాజాములోను, టెక్కలిలోను, విజయనగరమునందలి గురజాడ సాంకేతిక విశ్వవిద్యాలయములోను సివిలు, మెకానికలు శాఖలు చదువు విద్యార్థులకు ఆటోక్యాడ్, క్యాటియా, యాన్సిస్ వంటి సాధనములతో పని పడును. ఆ పనికి తగిన కొత్త వర్క్‌స్టేషను కొనవలెనన్న లక్ష రూపాయలు దాటును. ఉద్దానములో నాలుగు కొబ్బరిచెట్లను, కొంచెము జీడితోటను నమ్ముకొన్న కుటుంబమునకు లక్షయనగా ఏమో చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఆ చెట్లే వేనవేలుగా నేలకొరిగినవి. అట్టి యింటి బిడ్డ అప్పుచేసి యంత్రము కొనినచో, అది మూడేండ్లకు చచ్చుట అతని చదువునకును, వాని తండ్రి పరపతికిని ఒక్కసారిగా తగులు దెబ్బ. ఇంజనీరింగు చదువు నాలుగేండ్లని పాఠకులు జ్ఞాపకము పెట్టుకొందురు గాక. చట్టములోని యాయువు చదువు ముగియుటకు ముందే ముగియుచున్నది!

యంత్రమునకు ఆయువు ఎంత యుండవలెననుటకు మన దేశములోనే మరియొక కొలత యుండెను. 1929లో అఖిల భారత చరఖా సంఘము మెరుగైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. ఆ షరతులు నేటికిని చదువదగినవి. రాట్నము తేలికగా నుండి, గుడిసెలో చేతితోగాని కాలితోగాని నడపుటకు వీలుగా నుండవలెను. వెల 150 రూపాయలు మించరాదు. సకాలమున బాగుచేయుచుండినచో కనీసము ఇరువది యేండ్లు ఎడతెగక పనిచేయవలెను. ఆ బాగుచేతకు ఏటికయ్యెడు ఖర్చు వెలలో నూటికి 5 వంతులు దాటరాదు. ఆ బహుమానము ఎవరికిని దక్కలేదన్నమాట నిజమే. ఐనను యంత్రమును ఎట్లు తూచవలెనో ఆ షరతులు మనకు నేర్పినవి. వేగమును వెలను మాత్రమే చూచుట కాదు. పేదవాని చేతిలో ఎన్ని యేండ్లు బ్రతుకునో, బ్రతికించుటకు ఏమగునో కూడ అడుగవలెను. నేడు లాప్‌టాపు కొనువాడు ఈ రెండవ ప్రశ్నను అడుగుట లేదు. అంగడివాడు చెప్పుటయు లేదు.

ఆ తక్కెడలో పాత వర్క్‌స్టేషనులను పెట్టి చూతము.

అంగళ్లలో తరచుగా కనబడునవి మూడు వంశములవి. మొదటిది థింక్‌ప్యాడ్. ఐబీఎం వారు 1992లో ప్రారంభించిన యీ పేరు 2005లో లెనోవో చేతికి వచ్చెను. దీనిలో 2011 నాటి డబ్ల్యూ 520, 2012 నాటి డబ్ల్యూ 530 అనునవి వర్క్‌స్టేషనులు. రెండవది డెల్ వారి ప్రెసిషన్; అందు 2013లో వెలువడిన ఎం 4800 ప్రసిద్ధము. మూడవది హెచ్‌పీ వారి ఎలైట్‌బుక్ 8570 డబ్ల్యూ. ఇది 2012 నాటిది. దీని తరువాత వారే జడ్‌బుక్ అను పేరు పెట్టిరి. నాలుగు కోర్ల ప్రాసెసరులతో వచ్చిన యీ యంత్రములన్నిటిలోను ర్యామ్ పెట్టుటకు నాలుగు గూళ్లు కలవు. 32 జీబీల వరకు పెంచుకొనవచ్చును. ప్రాసెసరు బోర్డునకు అతికి యుండదు, సాకెట్టులో కూర్చుండును, తీసి వేరొకటి పెట్టవచ్చును. డిస్కు, బాటరీ, కీబోర్డు, ఫ్యాను వేరువేరుగా విడివడును. ఇట్టి యమరికకు అదియే కడపటి కాలము. 2015 తరువాత వచ్చిన ఇంటెల్ ప్రాసెసరులు దాదాపుగా అన్నియు లాప్‌టాపులలో బోర్డునకు టంకము పెట్టి అతికించబడినవే. అందుచే థింక్‌ప్యాడ్ పీ 50, ప్రెసిషన్ 7510 మొదలైనవానిలో ర్యామును డిస్కును మార్చుకొనవచ్చునుగాని ప్రాసెసరును మార్చుటకు వీలులేదు. ఐనను సామర్థ్యములో అవి పైవానికంటె మేలు. చేతిలో సొమ్ము ఇంకొంచెము ఉన్నవారు వానినే చూచుట మంచిది.

విప్పుటలో హెచ్‌పీ యంత్రము మొదటి స్థానమునకు అర్హము. అడుగున నున్న చిన్న గడియను జరిపినచో స్క్రూడ్రైవరు తోడు లేకయే మూత ఊడివచ్చును. లోపలి భాగములు కంటికి ఎదురుగా నుండును. డెల్ యంత్రమును కొద్దిపాటి స్క్రూలతో విడివడును. థింక్‌ప్యాడ్‌లో రెండు ర్యామ్ గూళ్లు అడుగునను, మరి రెండు కీబోర్డు క్రిందను దాగియున్నవి. అంతమాత్రమున అది కష్టమని కాదు. కీబోర్డుమీద కాఫీ యొలికినచో క్రిందికి కారిపోవుటకు కాలువలు పెట్టిన బుద్ధిమంతులు వారు. డబ్ల్యూ 520లో నున్న పాత తరహా ఏడువరుసల కీబోర్డునకు సాటియగునది తరువాత రాలేదని వ్రాతపనివారు వాపోవుదురు; మేమును ఆ పక్షమువారమే. గ్రాఫిక్సు కార్డు విషయములో థింక్‌ప్యాడ్ వెనుకబడును. దానిలో ఆ భాగము బోర్డునకే అతికియున్నది; చెడినచో బోర్డంతయు చెడినట్లే. డెల్, హెచ్‌పీ యంత్రములలో గ్రాఫిక్సు కార్డు వేరుపలకగా వచ్చును, తీసి మార్చవచ్చును. తెర విషయమున హెచ్‌పీ వారు డ్రీమ్‌కలర్ అను పేర నిచ్చిన తెర రంగుల నిజస్వరూపమును చూపును. పటములతో పనిచేయువారికి అది దొరికినచో అదృష్టము. మెకానికలు విద్యార్థికి మేము ఒకటి ఎన్నుకొని చెప్పవలసివచ్చినచో ఎం 4800ను చెప్పెదము. వ్రాతపని, ప్రోగ్రామింగు ముఖ్యమైనవానికి థింక్‌ప్యాడును చెప్పెదము.

ఈ మూడు సంస్థలును తమ యంత్రములను ఎట్లు విప్పవలెనో, ఏ స్క్రూ ఎచ్చట నున్నదో, ఏ భాగము సంఖ్య యేదో తెలుపు మరమ్మతు గ్రంథములను అందరికి అందుబాటులో ప్రకటించినవి. మా దృష్టిలో గ్రాఫిక్సు కార్డుకంటె ఇది గొప్ప గుణము. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో వీణ చేయువారి పని చూచినవారికి ఈ మాట సులభముగా తెలియును. పనసమ్రానును ఒకే దుంగగా తొలిచి వీణె కట్టుదురు. కాని యిరువది నాలుగు మెట్లను మాత్రము కొయ్యకు దిగగొట్టరు, మైనములో నిలుపుదురు. వాడుకలో మెట్లు అరుగును, ఎండకు మైనము కరగును, స్వరము తప్పును. అప్పుడు మైనము తీసి మరల మేళము కట్టుదురు. వీణ తరములు నిలుచును. చేసినవాడు అది యొకనాడు చెడునని ముందే యెరిగి, చెడు చోటును మెత్తని మైనములో పెట్టినాడు. నేటి పలుచని లాప్‌టాపును చేసినవాడు తద్విరుద్ధముగా చెడునట్టి బాటరీని జిగురుతో అంటించి, పెంచుకొనవలసిన ర్యామును బోర్డునకు టంకము పెట్టుచున్నాడు. 2012లో ఆపిల్ వారు రెటీనా తెరతో తెచ్చిన మాక్‌బుక్ ప్రోలో ఈ రెండును చేసిరి. అది అందముగా నుండెను. లోకమంతయు ఆ దారి పట్టెను.

చరఖా సంఘపు నూటికైదు వంతుల నియమము దీనికి సరిపడునా? ఒక విద్యార్థి 20,000 రూపాయలకు ఒక పాత యంత్రము కొన్నాడనుకొందము. ఏటికి వెయ్యి రూపాయలు హద్దు. ఫ్యానులోని దుమ్ము తీయుట, ప్రాసెసరుమీద ఎండిన పేస్టును తుడిచి కొత్తది పూయుట, బోర్డుమీది బిళ్ల బాటరీని మార్చుట ఆ హద్దులోనే ముగియును. పెద్ద బాటరీ వచ్చిన యేడు మాత్రము హద్దు దాటును. నాలుగేండ్లకు పంచినచో మరల హద్దు దరికి వచ్చును. కొత్త పలుచని యంత్రములో బోర్డుకు అంటిన ర్యామొకటి చెడినచో ఏమగునో చూడుడు. బోర్డంతయు మార్చవలెను, దాని వెల విని, చాలమంది కొత్తయంత్రమే కొందురు. ఆ సంస్థలు కోరునదియు అదియే.

ఇంతవరకు పొగడితిమి. ఇక దోషములు.

పాత యంత్రములలో ఇనుప తాళములకంటె కంటికి కనబడని తాళములు కీడు చేయును. డబ్ల్యూ 530లో తయారీదారు ముద్రలేని బాటరీని పెట్టినచో చార్జి యెక్కదు. ఆ తరపు థింక్‌ప్యాడులలోను హెచ్‌పీ యంత్రములలోను వైర్‌లెస్ కార్డు మార్చినచో, సంస్థవారి పట్టికలో లేని కార్డైన యెడల యంత్రము మొదలే పెట్టదు. డెల్ యంత్రము చార్జరు మొనలోని సన్నని నడిమి సూదిద్వారా చార్జరు జాతిని గుర్తించును. ఆ సూది విరిగినను, చార్జరు పరాయిదైనను, బాటరీ యెక్కించుట మాని, ప్రాసెసరును కుంటినడక నడిపించును. విద్యార్థి యంత్రము ముసలిదైనదని తలచి దానిని అమ్మివేయును. చెడినది నాలుగు వందల తీగె మాత్రమే! అన్నిటికంటె ప్రమాదము బయాసులోని సూపర్‌వైజరు పాస్‌వర్డు. పాత సంస్థవారు దానిని తీయక అమ్మినచో, థింక్‌ప్యాడునకు తయారీదారు చెప్పు మందు బోర్డు మార్చుట యొక్కటే. డబ్బు చెల్లించి కొన్న వస్తువునకు యజమాని యెవడు? కొన్నవాడా, పాస్‌వర్డు మరచినవాడా?

కావున అంగడిలో యంత్రము మెరుపును చూచి లాభము లేదు. అక్కడనే బయాసు తెరచి చూడవలెను. అసలు చార్జరు కోరవలెను. ఎం 4800కు 180 వాట్లది, డబ్ల్యూ 530కి 170 వాట్లది కావలెను. తక్కువదానితో అమ్ముట అంగడి వాడుక. బాటరీ ఉబ్బినచో వెల యెంత తగ్గించినను తీసికొనరాదు. ఉబ్బిన లిథియము బాటరీ యింటిలో నిప్పు. అరగంట సేపు బరువైన పని యిచ్చి ఫ్యాను శబ్దమును, వేడిమిని చూడవలెను. తెర కీలు రెండు ప్రక్కల ఒకే బిగువుతో నున్నదా యని చూడవలెను. ఇంత చేయుటకు అంగడివాడు ఒప్పనిచో వేరొక అంగడి కలదు.

కొన్న తరువాత మన సముద్రతీరపు గాలియే మరియొక పరీక్ష. భీమిలి మొదలు ఇచ్ఛాపురము వరకు గాలిలో ఉప్పున్నది. తెరచియుంచిన రంధ్రములలోను, ర్యామ్ పలకల రాగి కొనలమీదను అది పచ్చబడి పేరుకొనును. యంత్రము లేవదు. భయపడి చాలమంది బోర్డు పోయినదందురు. ర్యామును ఊడదీసి, కొనలను మెత్తని రబ్బరుతో రుద్ది మరల పెట్టినచో అనేక పర్యాయములు అది లేచి కూర్చుండును. మూత విడివడు యంత్రములో ఇది అయిదు నిమిషముల పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడును, 2018లో తిత్లీ వచ్చినప్పుడును మన పల్లెలు దినముల తరబడి చీకటిలో నుండెను. కరెంటు తిరిగి వచ్చునప్పటి పోటుకు చార్జరులు చచ్చుట మామూలు. చార్జరు వేరుగా, బాటరీ వేరుగా, బోర్డు వేరుగా నుండు యంత్రములో ఒక్క వేటుకు ఒక్కటియే పోవును.

ఇవి బరువైనవి, ఎం 4800 మూడు కిలోలకు దగ్గరగా తూగును, చార్జరు గాక. బస్సులో నిలుచుండి ఎచ్చెర్లకో రాజామునకో పోవు పిల్లవానికి ఆ బరువు తెలియును. బాటరీ తరగతి గంటలన్నిటికి చాలదు. వేగమున నేటి మధ్యతరగతి ప్రాసెసరు పది యేండ్ల నాటి వర్క్‌స్టేషనును దాటిపోయినది. దీనిని కాదనుట అబద్ధము. ఆ కాలపు క్వాడ్రో కార్డులలో చాలవానికి ఎన్‌విడియా వారు కొత్త డ్రైవరులు ఇచ్చుట మానిరి. కొన్ని కొత్త సాఫ్టువేరులు వానిని గుర్తింపవు. కృత్రిమమేధను నేర్చువానికి ఆ కార్డులు పనికిరావు. ఉత్తరములు వ్రాసి, పాఠములు వినుటకు మాత్రమే యంత్రము కావలసినవానికి ఈ యేనుగు ఎందుకు? వానికి చిన్నదే చాలును.

ఇంకొక చిక్కు 2025 అక్టోబరు 14న వచ్చినది. ఆనాటితో మైక్రోసాఫ్టువారు విండోసు 10కి సామాన్య సంరక్షణ ముగించిరి. విండోసు 11ను వారు మొత్తముమీద ఇంటెల్ ఎనిమిదవ తరము మొదలు మాత్రమే అంగీకరింతురు. మేము పైన వర్ణించిన యంత్రములు రెండవ, మూడవ, నాలుగవ తరములవి. లోహము చెడలేదు, తెర చెడలేదు, స్క్రూ యొక్కటి అరుగలేదు. ఒక తేదీ వచ్చెను, యంత్రము పాతబడెను. దీనికంటె చిత్రమైన మరణమును ఏ కవి కల్పింపగలడు? లినక్సు మార్గము తెరచియున్నది. మన ప్రభుత్వ సంస్థయగు సీడాక్ వారి బాస్ లినక్సు 2007 నుండి కలదు. స్వేచ్ఛ యను సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్టువేరును వ్యాపింపజేయుటకు పాటుపడినది. ప్రోగ్రామింగు విద్యార్థికి లినక్సు మేలే చేయును. కాని ఆటోక్యాడ్ లినక్సుమీద నడువదు. పరీక్షలో ఆటోక్యాడ్ అడుగు కళాశాల విద్యార్థికి లినక్సు ఉపదేశించి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. ఈ ముడి యంత్రములో లేదు, పాఠ్యక్రమములో నున్నది. ఫ్రీక్యాడ్ వంటి సాధనముతో చేసిన పటమును గూడ అంగీకరింతుమని విశ్వవిద్యాలయము ఒక్క మాట ప్రకటించినచో, పేద విద్యార్థుల యంత్రములు అనేకము బ్రతుకును.

ఇక ప్రభుత్వముల సంగతి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కు విషయమై సంఘమును నియమించి, ఆ యేటి డిసెంబరులో ఒక పోర్టలును తెరచిరి. సంతోషమే. కాని పోర్టలు శాసనము కాదు. తయారీదారు తన యిష్టమున ఏమి చూపిన అదియే అందు కనబడును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన యీ-వ్యర్థముల నిబంధనలలో పాతవానిని బాగుచేయువారిని గూడ ఒక తెగగా గుర్తించి నమోదుచేయించుట మెచ్చదగిన పని. ఆ నమోదు పెద్ద వర్తకులకే గాక విజయనగరములో ఒక బల్ల వేసికొని కూర్చున్న మరమ్మతు పనివానికి అందునట్లున్నదా యని చూడవలసియున్నది. ఫ్రాన్సు దేశమున 2021 జనవరి నుండి లాప్‌టాపు పెట్టెమీద మరమ్మతునకు ఎంత వీలో పదింటికి గుణము వేసి చూపవలెనని నిర్బంధము పెట్టిరి. మరమ్మతు గ్రంథము దొరకునా, విప్పుట సులభమా, భాగములు దొరకునా, వాని వెల యెంత యని లెక్కించి ఆ గుణము వేయుదురు. కొనువాడు చదువనేర్చినవాడైన చాలును, మోసపోడు. తెలుగులో ఆ యంకె ముద్రించుటకు మనకు అడ్డమేమి?

జిల్లాలోనే చేయదగిన పనులు ఢిల్లీకొఱకు కాచుకొననక్కరలేదు. ఐ.టి.ఐ.లలో కంప్యూటరు హార్డువేరు, నెట్‌వర్కు మెయింటెనెన్సు అను శిక్షణ యున్నది. ఆ పిల్లలు చెడిన యంత్రములు లేక పుస్తకముపై మరమ్మతు నేర్చుకొనుచుండగా, ప్రభుత్వ కార్యాలయముల గదులలో చెడిన కంప్యూటరులు దుమ్ము గొట్టుకొని, తుదకు తుక్కుగా తూకమునకు పోవుచున్నవి. శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము మన్యము జిల్లాల కలెక్టరులు తలచుకొన్నచో, డిస్కులను తుడిచివేసి, ఆ యంత్రములను తూకమునకు ముందు ఐ.టి.ఐ.ల బల్లలమీదికి పంపవచ్చును. పది చెడినవాని నుండి ఆరు బాగుపడును. మిగిలిన నాలుగింటి కీబోర్డులు, తెరలు, ఫ్యానులు నిలువయగును. ఆ నిలువయే మన ప్రాంతమున లేదు. నేడు ఒక కీలు విరిగినచో విద్యార్థి సికిందరాబాదుకు వ్రాసి వారములు కాచుకొనవలసివచ్చుచున్నది.

ప్రభుత్వములే విద్యార్థులకు యంత్రములను పంచు కాలమిది. 2008లో ట్రిపుల్ ఐటీలు తెరచినప్పుడు విద్యార్థులకు లాప్‌టాపు లిచ్చిరి. 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచిరి. ఇక మీదట ఏ పక్షపు ప్రభుత్వము ఏ పేర పంచినను, టెండరులో వెలతోపాటు నాలుగు మాటలు చేర్చవలెనని కోరుచున్నాము: బాటరీ జిగురుతో అంటింపరాదు, ర్యామును డిస్కును మార్చుటకు వీలుండవలెను, మరమ్మతు గ్రంథము తెలుగులో ఇయ్యవలెను, విడిభాగములు పది యేండ్లు జిల్లా కేంద్రములో దొరకవలెను. ఇరువది యేండ్లు అడుగుట లేదు. చరఖా సంఘమువారు అడిగినదానిలో సగమే యడుగుచున్నాము. వచ్చెడు టెండరు పత్రము వెలువడిన నాడు ఈ నాలుగింటిలో ఎన్ని చేరినవో ఈ పుటలోనే లెక్కచూపెదము.